డౌన్‌లోడ్‌లో మారిపోయిన మెయిలు: ‘సంతకం చెల్లదు’ అనే హెచ్చరికను సడలించాలా, యాంటీవైరస్‌ను ఆపాలా?

లెక్కలగది (ప్రశ్న)

మాది విజయవాడలో ఒక చిన్న ఆడిట్ కార్యాలయం. మా ఖాతాదారు సంస్థ ఒకటి ప్రతి నెలా నిల్వల ధ్రువీకరణను ఎస్/మైమ్ (మెయిలుకు డిజిటల్ సంతకం పెట్టే ప్రమాణం) పద్ధతిలో సంతకం చేసి మెయిల్‌లో పంపుతుంది. కార్యాలయపు కంప్యూటర్‌లో కొత్త యాంటీవైరస్ వేయించిన నాటి నుంచి ఈ మెయిళ్లన్నిటికీ మా మెయిల్ ప్రోగ్రాం థండర్‌బర్డ్ ‘సంతకం చెల్లదు, సంతకం తరువాత సందేశం మారింది’ అని చూపుతోంది. అదే మెయిలును మా భాగస్వామి గారి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే సంతకం సరిగానే ఉంది. యాంటీవైరస్ ప్రతి మెయిలు చివర ‘పరీక్షించాము, వైరస్ లేదు’ అని రెండు వరుసలు చేరుస్తోంది. అంత చిన్న చేర్పును చూసీ చూడనట్టు వదిలే వీలు మెయిల్ ప్రోగ్రాంలో ఉండాలని కార్యాలయంలో కొందరు, యాంటీవైరస్‌లో మెయిల్ పరీక్షను ఆపేయాలని మరికొందరు అంటున్నారు. ఏది సరైనది?

కంచె

మెయిల్ పరీక్షను ఆపవద్దు. కార్యాలయాలలోకి హానికర ఫైళ్లు చొరబడే ప్రధాన దారులలో మెయిలు ఒకటి. చివర చేరిన రెండు వరుసలు ఎవరికీ నష్టం చేయవు. పైగా ప్రతి నెలా అకారణంగా ఎర్ర గుర్తు చూసే గుమస్తా కొన్నాళ్లకు దాన్ని పట్టించుకోవడం మానేస్తాడు, నిజంగా మోసపు మెయిలు వచ్చిన రోజున కూడా అలాగే దాటిపోతాడు. అందుచేత ‘అసలు విషయం మారలేదు, చివర చేర్పు మాత్రమే ఉంది’ అని ప్రోగ్రామే గుర్తించి చెప్పడం మేలని నా అభిప్రాయం.

తపాలాగది

నేను ఒక కళాశాలలో మెయిల్ సర్వర్ చూసుకుంటాను. కంచె గారు గుమస్తా గురించి చెప్పిన మాట నూటికి నూరు పాళ్లు నిజం, కాని ఆయన కోరిన సడలింపు సాధ్యం కాదు. సంతకం చేసే ప్రోగ్రాం సందేశ భాగం మొత్తానికి షా-256 వంటి పద్ధతిలో ఒక హ్యాష్, అంటే ఆ బైట్ల నుంచి లెక్కించిన ఒక అంకె, కట్టి, పంపినవారి రహస్య తాళంతో దానికి ముద్ర వేస్తుంది. అందుకునే ప్రోగ్రాం తన దగ్గరికి వచ్చిన బైట్లకు మళ్లీ హ్యాష్ కట్టి రెండింటినీ పోల్చి చూస్తుంది. ఒక కామా మారినా, లక్ష రూపాయలు పది లక్షలయినా దానికి తెలిసేది ఒక్కటే: హ్యాష్ కలవలేదు. ఎక్కడ మారింది, ఎంత మారింది అన్నది ఆ అంకెలో ఉండదు కనుక ‘చిన్న మార్పే’ అని చెప్పగలిగే ఆధారం ప్రోగ్రాం దగ్గర లేదు. 2018 మేలో బయటపడిన ఈఫెయిల్ దాడులు ఎన్‌క్రిప్షన్‌కు (సందేశాన్ని రహస్యలిపిలో దాచడానికి) సంబంధించినవే అయినా ఇక్కడ తలచుకోదగినవి. ఎస్/మైమ్ వంటి మరో పద్ధతి అయిన ఓపెన్‌పీజీపీలో సందేశం మారినట్టు రహస్యలిపిని విప్పే ప్రోగ్రాం హెచ్చరించినా కొన్ని మెయిల్ ప్రోగ్రాంలు దాన్ని లెక్కచేయక విషయాన్ని తెరిచి చూపడం ఆ దాడులకు దారి ఇచ్చింది.

ముందు ఇది ఏ రకం దోషమో తేల్చుకోండి. పంపినవారి గుర్తింపు పత్రమైన సర్టిఫికెట్‌ను జారీ చేసిన సంస్థ మీ ప్రోగ్రాం నమ్మే జాబితాలో లేకపోవడం, దాని గడువు తీరడం, సర్టిఫికెట్‌లోని చిరునామా పంపిన చిరునామాతో కలవకపోవడం వేరే దోషాలు. వాటికీ యాంటీవైరస్‌కూ సంబంధం లేదు. మీకు వచ్చినది ‘సందేశం మారింది’ అన్న హెచ్చరిక కనుక ఒకే మెయిలు ప్రతులు రెండు తీయండి. వెబ్‌మెయిల్‌లో మూలప్రతిని దించుకునే సదుపాయం నుంచి ఒకటి, థండర్‌బర్డ్ నుంచి ఈఎంఎల్ (మెయిలును ఉన్నదున్నట్టు దాచే) ఫైలుగా భద్రపరచినది ఒకటి. మొదటిదాన్ని యాంటీవైరస్ లేని కంప్యూటర్‌లో తీసుకోవడం మంచిది. ఆ రెండింటినీ బైట్ల వారీగా పోల్చండి. సబ్జెక్ట్ వరుసలో ఏదైనా చేరి ఉంటే దాన్ని వదిలేయండి. మామూలు ఎస్/మైమ్ సంతకం మెయిలు పైన ఉండే సబ్జెక్ట్, పంపినవారు వంటి హెడర్లకు వర్తించదు. సంతకమైన మొదటి భాగం లోపల చేరినదే అసలు దోషి. మెయిలు భాగాలను విడదీసే సరిహద్దు గీతలలో ఆఖరిది దాటిన తరువాత చేరితే అదీ హాని చేయదు. మీ కంప్యూటర్‌లో మెయిల్ సర్వర్ సర్టిఫికెట్ తెరిచినప్పుడు జారీ చేసినవారి స్థానంలో యాంటీవైరస్ పేరు కనిపిస్తే, ఎన్‌క్రిప్ట్ అయిన మార్గాన్ని కూడా అది మధ్యలో విప్పి చూస్తున్నదని అర్థం.

ఇక కంచె గారి భయానికి సమాధానం. పరీక్షను ఆపనక్కరలేదు, ముందుగా చేర్పును ఆపండి. చాలా యాంటీవైరస్‌లలో అది విడిగా ఒక సెట్టింగ్. అది లేకపోతే మెయిల్ పరీక్షను తీసేసినా ఫైల్ పరీక్ష ఉంటుంది కనుక జత చేసిన ఫైలును డిస్క్ మీదకు తీసేటప్పుడు అది పట్టుకుంటుంది.

కంచె

చేర్పును విడిగా ఆపగలిగితే నాకు అభ్యంతరం లేదు. కాని అందుకునేవారిని ఇంత శ్రమ పెట్టడం కంటే, సందేశమూ సంతకమూ కలిపి ఒకే ముద్దగా, పీ7ఎం రూపంలో పంపమని ఆ సంస్థనే అడగవచ్చు కదా? అందులో మధ్యవర్తులు చేర్చడానికి చోటే ఉండదు.

తపాలాగది

అడగవచ్చు, అది పనిచేస్తుంది కూడా. అయితే ఎస్/మైమ్ తెలియని ఫోన్‌లో ఆ మెయిలు అక్షరం కూడా కనిపించదు. 1995 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1847 సంతకమైన సందేశాన్ని దారిలో ఎవరూ తాకకూడదనీ, దాన్ని 7 బిట్ల (ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే) రూపంలోనే పంపాలనీ అప్పుడే చెప్పింది. తెలుగులో రాసే మనం ఆ రెండవ మాటను గట్టిగా పట్టించుకోవాలి. తెలుగును కంప్యూటర్‌లో రాసే యూటీఎఫ్-8లో ఒక్క ‘క’కు మూడు బైట్లు, అన్నీ 8 బిట్లవే. వాటిని బేస్64లోకో కోటెడ్-ప్రింటబుల్‌లోకో (రెండూ 7 బిట్లలో రాసే పద్ధతులే) మార్చకుండా సంతకం చేస్తే, దారిలో పాత సర్వర్ ఒకటి తానే మార్చి సంతకాన్ని చెడగొడుతుంది. వరుసకు 998 బైట్ల పరిమితి కూడా ఉంది. వరుస విరవకుండా రాసిన తెలుగు పేరా సుమారు 330 సంకేతాలకే దాన్ని దాటుతుంది, గుణింతపు గుర్తులు కూడా అందులో లెక్కే.

లెక్కలగది

రెండు ప్రతులనూ పోల్చాము. అక్షర భాగం చివర, సరిహద్దు గీతకు ముందు, ఒక అడ్డగీతా రెండు వరుసలూ చేరి ఉన్నాయి, తక్కినదంతా ఒకటే. చేర్పును ఆపగానే కొత్త మెయిలుకు సంతకం సరిపోయింది. అయితే పాత నెలల మెయిళ్లను పీఓపీ3లో (సర్వర్ నుంచి కంప్యూటర్‌కు మెయిళ్లు దించే పద్ధతి) దించుకుని సర్వర్ మీద తుడిచేశాము. మా దగ్గర ఉన్నవి మారిన ప్రతులే. వాటి గతేమిటి?

తపాలాగది

ఇక్కడే సడలింపుకూ పునరుద్ధరణకూ ఉన్న తేడా తెలుస్తుంది. ఈఎంఎల్ నకలు తీసుకుని, చేరిన వరుసలను మాత్రమే తొలగించి, మళ్లీ సరిచూడండి. సరిహద్దు గీతకు వెనుక ఉన్న ఒక్క వరుస విరుపు గీతకు చెందుతుందే గాని సందేశానికి కాదు. ఆ చోట ఒక ఖాళీ వరుస ఎక్కువైనా తక్కువైనా హ్యాష్ కలవదు కనుక అన్ని అవకాశాలూ చూడండి. వరుస చివరి ఖాళీలను తానే తుడిచేసే ఎడిటర్‌ను వాడవద్దు. యాంటీవైరస్ ఆ భాగాన్ని వేరే ఎన్‌కోడింగ్‌లోకి మార్చి ఉంటే పని కష్టమవుతుంది, మీ విషయంలో అలా జరగలేదు. హ్యాష్ కలిసిందంటే అవి పంపినవారు ముద్ర వేసిన బైట్లే. రహస్య తాళం లేకుండా చేతి సవరణతో ఎవరూ వేరే పాఠానికి ఆ ఫలితం తెప్పించలేరు, అందుచేత సవరించింది మీరే అయినా సాక్ష్యం సంతకానిదే.

నల్లకోటు

న్యాయవాదిగా ఒక జాగ్రత్త చెబుతాను. తపాలాగది గారి తర్కాన్ని అంగీకరిస్తాను, కాని మారిన ప్రతిని పారవేయకండి. ఐటీ చట్టం, 2000లోని 7వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రికార్డును పుట్టిన, పంపిన లేదా అందుకున్న రూపంలోనో, ఆ సమాచారాన్ని కచ్చితంగా చూపగలదని నిరూపించగల రూపంలోనో దాచమంటుంది. మీకు అందిన రూపం చేర్పుతో ఉన్నది, నిరూపించగల రూపం చేర్పు తీసినది. రెండూ ఉంచండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 63వ సెక్షన్ కింద ఇచ్చే ధ్రువపత్రంలో హ్యాష్ విలువను కూడా రాయాలి. కనుక రెండు ఫైళ్లకూ ఇప్పుడే విడివిడిగా హ్యాష్ తీసి, ఏ వరుసలు తొలగించారో, ఏ తేదీన, ఎవరు తొలగించారో ఒక కాగితం మీద రాసి భాగస్వామి గారి చేత సంతకం చేయించండి.