పిల్లి, కుక్క ఉన్న ఇంట్లో చిట్టెలుకలను చంపకుండా బయటికి పంపడం ఎలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఒక పిల్లి, ఒక కుక్క, పంజరంలో రెండు గినీ పందులు ఉన్నాయి. కొంతకాలంగా రాత్రి దీపాలు ఆర్పాక వంటగది గోడ వెంట గీకుతున్న చప్పుడు వినిపిస్తోంది. కుక్క ఆహారపు సంచి మూలన కొరికిన కన్నం, దాని వెనుక బియ్యపు గింజ కంటే చిన్నవైన నల్లటి పెంటికలు కనిపించాయి కాబట్టి వచ్చినవి చిట్టెలుకలేనని అనుకుంటున్నాను. తెలిసినవారిలో కొందరు మందు పెట్టమంటున్నారు, కొందరు జిగురు అట్టలు పరచమంటున్నారు, ఇంకొందరు నాఫ్తలీన్ ఉండలు, పుదీనా నూనె చాలంటున్నారు. పెంపుడు జంతువులకు హాని జరగకూడదు, ఎలుకలు కూడా చిత్రవధకు గురికాకూడదు. ఈ రెండూ కుదిరే మార్గం ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం

బోను కంటే ముందు దారి సంగతి చూడండి. చిట్టెలుక సుమారు 20 గ్రాముల జీవి. దాని తల పట్టేంత సందు, అంటే దాదాపు 6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, మిగతా ఒళ్లంతా కుదించుకుని లోపలికి వచ్చేస్తుంది. చూలు కట్టిన మూడు వారాల్లో ఈనుతుంది, ఒక్కో ఈతకు ఐదారు పిల్లలు పెడుతుంది, ఆ పిల్లలు ఆరు వారాలు దాటేసరికి తామూ పిల్లలను కనే స్థితికి వస్తాయి. అందువల్ల దారి తెరిచి ఉంచి ఒక్కొక్కదాన్నే పట్టి వదులుతూ పోతే ఆ పని ఎప్పటికీ తెమలదు.

సింకు కింద గొట్టాలు గోడలోకి వెళ్లే చోటు, తలుపు కింద సందు, అల్మారాల వెనుక మూలలు, తీగలు లోపలికి వచ్చే రంధ్రాలు, వీటన్నిటినీ టార్చి వేసి వంగి చూడండి. ఎలుకలు రోజూ తిరిగే చోట గోడ అంచున వాటి ఒంటి జిడ్డు నల్లటి చారలా అంటుకుని ఉంటుంది. అనుమానం ఉన్న చోట రాత్రి కాస్త పిండి పలచగా చల్లి ఉంచితే తెల్లవారేసరికి అడుగుజాడలు దారి చూపిస్తాయి. కుక్క నాకినా ప్రమాదం లేని మామూలు పిండినే వాడండి. దొరికిన సందుల్లో గిన్నెలు తోమే స్టీలు పీచును గట్టిగా కూరి, పైన సిమెంటుతోనో సీలెంటుతోనో పూర్తిగా కప్పేయండి. పీచు బయటికి కనిపిస్తే పిల్లి లాగి మింగే అవకాశం ఉంది. ఉబ్బే ఫోమ్ ఒక్కటే నింపితే ఎలుకలు దాన్ని సులువుగా కొరికేస్తాయి. గాలి ఆడవలసిన చోట 6 మిల్లీమీటర్ల కంటే చిన్న కన్నాలున్న ఇనుప జాలీ బిగించండి.

ఒక్క జాగ్రత్త మాత్రం మరువకండి. మూయవలసింది బయటి గోడ వైపు సందులను. గదిలోకి తెరుచుకునే కలుగులను చివరి వరకు మూయకుండా, బోనులను వాటి దగ్గరే పెట్టండి. అన్నీ ఒకేసారి మూసేస్తే గోడలో ఉండిపోయిన ఎలుకలు ఆకలితో మాడి చస్తాయి, మీరు తప్పించాలనుకుంటున్నది సరిగ్గా అదే కదా.

ఆహారం సంగతి చూస్తే, మీ ఇంట్లో ఎలుకలకు అసలు ఆకర్షణ జంతువుల తిండే. సంచిలోనిదంతా మూత బిగిసే రేకు డబ్బాలోకో గాజు జాడీలోకో మార్చండి, రాత్రి గిన్నెలు తీసేయండి. గినీ పందులకు గడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి కాబట్టి అది ఉంచి, గుళికల తిండిని మాత్రం సాయంత్రమే తీసేయవచ్చు.

సమాధానం

నేను పశువైద్య వృత్తిలో ఉన్నాను. మందు జోలికి వెళ్లవద్దని గట్టిగా కోరుతున్నాను, ఎందుకంటే ఎలుకకు పెట్టిన మందు ఎలుకతో ఆగదు. బ్రోడిఫాకౌమ్, బ్రోమాడియోలోన్ వంటి ఎలుకల మందులు ఒంట్లో విటమిన్ కె తిరిగి తయారయ్యే ప్రక్రియను అడ్డుకుని, రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. మందు తిన్న కుక్క గానీ, మందు తిన్న ఎలుకను తిన్న పిల్లి గానీ కొన్ని రోజులపాటు ఏమీ జరగనట్టే తిరుగుతుంది. సాధారణంగా మూడు నుంచి ఐదు రోజులకు నీరసం, పాలిపోయిన చిగుళ్లు, దగ్గు, ఆయాసం మొదలవుతాయి, అప్పటికే లోపల రక్తస్రావం జరుగుతూ ఉంటుంది. సమయానికి తీసుకువస్తే విటమిన్ కె1 వారాల తరబడి ఇచ్చి కాపాడగలం. బ్రోమెథలిన్ అనే మరో మందు నాడీ వ్యవస్థను దెబ్బతీస్తుంది, దానికి విరుగుడే లేదు. జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువును పుట్టిస్తుంది; వాంతి చేసుకున్న జంతువు దగ్గర ఉన్న మనుషులకు కూడా ఆ వాయువు ప్రమాదమే కనుక కిటికీలు తెరిచి ఉంచాలి. ఏ మందు తిన్నదని అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడకండి, ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించకండి, మందు పొట్లంతో సహా వెంటనే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి. ఎలుక వైపు నుంచి ఆలోచించినా, ఆ మందులతో వచ్చేది రోజుల తరబడి సాగే చావు.

జిగురు అట్ట గురించి నాకు ఇంకా కఠినమైన అభిప్రాయం ఉంది. దానికి అతుక్కున్న జీవి గంటల కొద్దీ పెనుగులాడుతుంది, చర్మం చిరుగుతుంది, చివరికి అలసటతోనో దాహంతోనో చనిపోతుంది. ఇంగ్లండ్‌లో మామూలు గృహస్థులు దాన్ని వాడడం 2024 జూలై నుంచి నేరం. మీ పిల్లి కాలో తోకో ఎప్పుడైనా అలాంటి అట్టకు అతుక్కుంటే లాగకుండా, వంటనూనె కొద్దికొద్దిగా రాస్తూ నెమ్మదిగా విడదీయాలి.

నాఫ్తలీన్ ఉండలను కుక్క మింగితే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. పుదీనా నూనె వంటి గాఢమైన తైలాలు పిల్లి ఒంటికి అంటితే అది నాకి మింగేస్తుంది, వాటిని విరిచే శక్తి పిల్లి కాలేయానికి తక్కువ. ఇన్ని ప్రమాదాలు భరించినా అవి స్థిరపడిన ఎలుకలను ఇల్లు ఖాళీ చేయించలేవు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. మందు, జిగురు అట్ట, ఉండలు, నూనె అన్నీ పక్కన పెట్టాను. సింకు వెనుక గొట్టం చుట్టూ పెద్ద సందు కనిపించింది, దాన్ని మూయిస్తున్నాను. ప్రాణంతో పట్టే బోను ఎలా వాడాలి, పట్టిన ఎలుకను ఎక్కడ వదలాలి అన్నది ఇంకా తేలలేదు. ఎంత దూరం తీసుకువెళితే అంత మంచిదని విన్నాను. లోపల పిల్లలు ఉంటే వాటి గతేమిటన్న ఆలోచన నన్ను ఎక్కువగా బాధిస్తోంది.

సమాధానం

ప్రాణంతో పట్టడమంటేనే దయ అని చాలామంది అనుకుంటారు, కానీ పట్టించుకోకుండా వదిలేసిన బోను జిగురు అట్టకు తీసిపోదు. చిట్టెలుక ఒంట్లో నిల్వలు చాలా తక్కువ, కొద్ది గంటల భయం, చలి, దాహం దాన్ని చంపడానికి సరిపోతాయి. రాత్రి పడుకునే ముందు, తెల్లవారగానే తప్పనిసరిగా, వీలైతే మధ్యలో కూడా చూడండి. చూడలేని రోజున బోను మూసే ఉంచండి. లోపల చింపిన కాగితం గానీ దూది గానీ పెడితే అది అందులో ముడుచుకుని వెచ్చగా ఉంటుంది.

ఎలుకలు గోడను ఆనుకునే నడుస్తాయి కాబట్టి బోనులను కూడా గోడకు ఆనించి, వాటి నోరు ఆ నడక దారిలోకి వచ్చేలా పెట్టాలి. ఒక బోను చాలదు, పెంటికలు కనిపించిన ప్రతి మూలా ఒకటి ఉండాలి. ఎరగా వేరుశనగ ముద్ద చిటికెడు చాలు, అయితే అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం కలవలేదని చూసుకోండి. కొందరు చాక్లెట్, ఎండుద్రాక్ష పెట్టమంటారు. జైలిటాల్, చాక్లెట్, ఎండుద్రాక్ష మూడూ కుక్కలకు విషమే. బోనులో కదిలే ఎలుకను చూసి పిల్లి గంటల తరబడి అక్కడే కాపు కాస్తుంది, అది ఎలుకకు నరకం. అందుకే బోనును పిల్లి చేరలేని అల్మారా వెనుకో, మూసి ఉండే గదిలోనో ఉంచండి.

వదిలే చోటు విషయంలో మీరు విన్నది సరికాదు. కిలోమీటర్ల దూరాన తెలియని చోట వదిలిన ఎలుకకు తిండి, నీరు, దాక్కునే చోటు ఏదీ తెలియదు, వాటిలో చాలావరకు బతకవు. బయటి సందులన్నీ మూసిన తరువాత, ఇంటికి మరీ దూరం కాని చోట, పొదలు గానీ కట్టెల కుప్ప గానీ ఉన్న దగ్గర చీకటి పడే వేళ వదలడం మేలు. అడవి జీవులను తరలించి వదలడంపై కొన్ని ప్రాంతాల్లో నిబంధనలు ఉంటాయి, మీ ప్రాంతంలో ఎలా ఉందో ముందే కనుక్కోండి.

పిల్లల గురించి మీ బాధ న్యాయమైనది. బోనును ఎత్తి అడుగు నుంచి చూసినప్పుడు పొట్ట మీద వెంట్రుకలు పలచబడి చనుమొనలు స్పష్టంగా కనిపిస్తే అది పాలిచ్చే తల్లి. దాన్ని బయట వదిలితే గూటిలోని పిల్లలు చనిపోతాయి. గూడు సాధారణంగా తిండి దొరికే చోటికి కొద్ది మీటర్లలోనే, చింపిన గుడ్డా కాగితాల ఉండలా ఉంటుంది. దొరికితే చేతి తొడుగులతో గూడునంతా తల్లితో పాటు ఒక పెట్టెలోకి మార్చి, ఆ పెట్టెను బయట మరుగున ఉంచవచ్చు. గూడు దొరకకపోతే తల్లిని పట్టిన చోటే వదిలి, మూడు వారాలు ఆగి మళ్లీ బోను పెట్టడమే సబబు. ఈలోగా తిండి దొరకకుండా చేసే పనులు మాత్రం ఆపవద్దు.

సమాధానం

పైవాటిలో రాని రెండు సంగతులు చెబుతాను. మనిషి చెవికి వినపడని ధ్వనితో ఎలుకలను తరుముతాయని అమ్మే అతిధ్వని పరికరాలు కొనవద్దు. వాటి వల్ల ఎలుకలు శాశ్వతంగా పోతాయనడానికి గట్టి ఆధారం లేదు, పైగా ఆ ధ్వని మీ గినీ పందులకూ పిల్లికీ కూడా వినిపిస్తుంది, పంజరంలో ఉన్నవి లేచి దూరంగా వెళ్లలేవు.

రెండవది శుభ్రత. పెంటికలను పొడిగా ఊడ్చకండి, వాక్యూమ్ వేయకండి; లేచిన దుమ్ముతో, ఎలుకల జాతి జీవుల నుంచి మనుషులకు సోకే హంటావైరస్ వంటివి ఊపిరితిత్తుల్లోకి పోగలవు. కిటికీలు తెరిచి, జంతువులను వేరే గదిలో ఉంచి, చేతి తొడుగులు వేసుకుని, ఒక పాలు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపి పెంటికల మీద చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి కాగితంతో తుడిచేయండి. ఆ ద్రావణంలో వినిగర్ గానీ అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ కలపకూడదు, విషవాయువు పుడుతుంది. నేల పూర్తిగా ఆరిన తరువాతే పిల్లిని, కుక్కను లోపలికి రానివ్వండి. ఎలుకలు తిరిగిన గడ్డినీ గుళికలనూ గినీ పందులకు పెట్టకుండా పారేయండి, ఎందుకంటే చిట్టెలుకలు మోసే, మెదడు పొరల వాపు కలిగించగల ఎల్‌సీఎం వైరస్ వాటికీ సోకుతుంది. ఇంట్లో గర్భిణులు ఉంటే ఈ శుభ్రం చేసే పని వారికి అప్పగించవద్దు, ఆ వైరస్ గర్భంలోని బిడ్డకు తీవ్రమైన హాని చేస్తుంది.