కెనడా పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) మూడు దేశాల పోలీస్ సర్టిఫికెట్లు, 60 రోజులే టైమ్. ఏది ముందు మొదలుపెట్టాలి?

బెజవాడ_బ్రాంప్టన్:

అందరికీ నమస్తే. మొన్నటి డ్రాలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ఐటీఏ, అంటే స్కోర్ చూసి పీఆర్‌కి అప్లై చేయమని ఇచ్చే పిలుపు, వచ్చింది. ఏడాదిన్నరగా ఎదురుచూశాం, ఇంట్లో స్వీట్లు కూడా పంచేశాం, తీరా డాక్యుమెంట్ల లిస్టు చూశాక టెన్షన్ మొదలైంది. 60 రోజుల్లో ఫైల్ వేయాలి, అందులో ఆరు రోజులు అప్పుడే అయిపోయాయి.

మా సంగతి ఇదీ. నేను 2018 ఆగస్టు నుంచి 2021 మే వరకు అమెరికాలో ఉన్నాను, టెక్సస్‌లో ఎమ్మెస్, ఆ తర్వాత కొన్నాళ్లు ఉద్యోగం. మా ఆవిడ 2019 సెప్టెంబర్ నుంచి 2021 జనవరి వరకు ఇంగ్లండ్‌లో చదువుకుంది. తర్వాత ఇద్దరం ఇండియాలోనే ఉన్నాం, పెళ్లయింది, 2023 జులైలో ఇక్కడికి, కెనడాకి వచ్చాం. అంటే ఇండియా, అమెరికా, బ్రిటన్ మూడింటి నుంచీ పోలీస్ సర్టిఫికెట్లు కావాలి అనుకుంటున్నాను, ఇది కరెక్టేనా?

వచ్చేముందు 2023 జూన్‌లో విజయవాడలో ఇద్దరం పీసీసీ (ఇండియా పోలీస్ సర్టిఫికెట్) తీసుకున్నాం, ఒరిజినల్స్ ఇక్కడే ఉన్నాయి, అవి పెడితే సరిపోతుందా? సరిపోదంటే మా తమ్ముడు అక్కడే ఉన్నాడు కాబట్టి వాడు వెళ్లి మా తరఫున తీసుకోవచ్చా? ఒక ఏజెంటు ఇద్దరికీ కలిపి పాతిక వేలు అడుగుతున్నాడు, మీరేం చేయనక్కర్లేదు అంటున్నాడు. ఇంకొకటి, అమెరికాలో 2019లో నాకు ఒక స్పీడింగ్ టికెట్ పడింది, డబ్బు కట్టేశాను. అది అమెరికా తరఫున ఎఫ్‌బీఐ ఇచ్చే పోలీస్ రిపోర్టులో వస్తుందేమో అని రాత్రి నిద్ర పట్టలేదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

ఓరుగల్లు_శ్రీ:

కంగ్రాట్స్ బ్రదర్. ముందు ఎఫ్‌బీఐది మొదలుపెట్టు, ఈ రోజే. మిగతా రెండూ అప్లికేషన్, కాగితాల పనే, దీనికి మాత్రం వేలిముద్రల కార్డు పోస్టులో అమెరికా వెళ్లాలి, టైమ్ అంతా అక్కడే పోతుంది.

ఎఫ్‌బీఐ సైట్‌లో ఐడెంటిటీ హిస్టరీ సమ్మరీ అని ఉంటుంది, అందులో రిక్వెస్ట్ పెట్టి 18 డాలర్లు కట్టు, కన్ఫర్మేషన్ మెయిల్ వస్తుంది. ఇక్కడ ఆర్‌సీఎంపీ (కెనడా జాతీయ పోలీసులు) గుర్తింపు ఉన్న వేలిముద్రల సెంటర్లు ఊరూరా ఉన్నాయి, అక్కడికి వెళ్లి అమెరికా కార్డు మీద ఇంకుతో తీయించుకో. ఎఫ్‌డి-258 కార్డు గానీ ఎఫ్‌డి-1164 గానీ, రెండూ తీసుకుంటారు. ఆ మెయిల్ ప్రింట్ జతచేసి వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్‌కి ట్రాకింగ్ ఉన్న కొరియర్‌లో పంపు. రిజల్ట్ ఆన్‌లైన్‌లోనే ఇస్తారు, పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

ఒక్క కార్డు మాత్రం పంపకు. నేను అలాగే ఒక్కటే పంపితే గీతలు స్పష్టంగా లేవని తిరగ్గొట్టారు. ముద్రలు తీసిన అబ్బాయి ఇంకు ఎక్కువ పూశాడు, నేను చూసి కూడా ఏమీ అనలేదు. మళ్లీ తీయించుకుని మళ్లీ కొరియర్ వేసేసరికి దాదాపు నెల పోయింది. రెండు మూడు కార్డులు తీయించి ఒకే కవర్లో పెట్టు. చలికాలం వేళ్లు పొడిబారి ఉంటాయి, ముందు రోజు రాత్రి నుంచి కాస్త క్రీమ్ రాసుకుని, ముద్రలు వేసే ముందు చేతులు శుభ్రంగా కడుక్కుని వెళ్లు.

చానెలర్ అని ప్రైవేటు కంపెనీలు కనబడతాయి, రెండు రోజుల్లో ఇస్తాం అంటారు. అవి అమెరికా పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకీ మాత్రమే. ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉండి వచ్చిన మనకి కుదరదు, డబ్బు కట్టాక ఆ సంగతి తెలిస్తే బాధ. టెక్సస్ స్టేట్ పోలీసులు ఇచ్చేది కూడా దీని బదులు పనికిరాదు.

కాకినాడ_కాజా:

ఇండియా పీసీసీ గురించి, మా ఫ్రెండ్ వచ్చేముందు తీసుకున్న పాతదే పెట్టాడు, పీఆర్ వచ్చేసింది. మళ్లీ ఎందుకు శ్రమ?

నల్గొండ_లక్ష్మి:

కాజా గారూ, మీ ఫ్రెండ్‌కి వచ్చింది సంతోషం, కానీ అది చూసి వేరేవాళ్లు అలా చేస్తే ఫైల్ ఇన్‌కంప్లీట్ అని వెనక్కి వచ్చే ప్రమాదం ఉంది. వాపసు వస్తే ఐటీఏ కూడా పోతుంది, మళ్లీ పూల్‌లో (ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అభ్యర్థుల జాబితాలో) చేరి స్కోర్ కోసం ఎదురుచూడాలి. ఎవరికో ఒక ఆఫీసర్ చూసీచూడనట్టు వదిలేశారని మనం అదే పని చేయకూడదు.

బెజవాడ గారూ, రూల్ ఇలా ఉంటుంది. గత పదేళ్లలో 18 ఏళ్లు దాటాక వరుసగా ఆరు నెలలు లేదా అంతకన్నా ఎక్కువ ఉన్న ప్రతి దేశం నుంచీ కావాలి, కెనడా తప్ప. కాబట్టి మీ లెక్క కరెక్టే: మీకు ఇండియా, అమెరికా, మీ ఆవిడకి ఇండియా, బ్రిటన్. ఇప్పుడు ఉంటున్న దేశం అయితే సర్టిఫికెట్ ఫైల్ వేసే రోజుకి ఆరు నెలల లోపుది కావాలి. వదిలి వచ్చేసిన దేశం అయితే మీరు అక్కడ చివరిసారి ఆరు నెలలు ఉన్న కాలం ముగిశాక ఇచ్చినది కావాలి. మీ పీసీసీ తేదీ 2023 జూన్, మీరు విమానం ఎక్కింది జులై. ఇంకా అక్కడ ఉండగానే ఇచ్చినది కాబట్టి రూల్ ప్రకారం చెల్లదు. నెల రోజుల తేడానే కదా అనిపిస్తుంది, కానీ ఆఫీసర్ చూసేది ఆ తేదీనే. అదే ఇక్కడికి వచ్చాక తీసుకున్నది ఒకటి ఉండి, ఆ తర్వాత పెళ్లికనో పండగకనో మూడు వారాలు ఊరికెళ్లి వచ్చినా ఏం కాదు, అదే చెల్లుతుంది.

తమ్ముడు వెళ్లి తీసుకోవడం కుదరదు, పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో అప్లై చేసిన మనిషే హాజరవ్వాలి. ఆ ఏజెంటుని వదిలేయండి. అక్కడ ఒక మనిషికి పీసీసీ ఫీజు 500 రూపాయలు, దానికి పాతిక వేలేమిటి? పైగా అలాంటివాళ్లు తెచ్చేది చాలాసార్లు లోకల్ పోలీసుల కాగితం, ఉద్యోగాలకి ఇచ్చేది. మనకి కావలసింది పాస్‌పోర్ట్ ఆఫీసు గానీ, బయట ఉంటే ఎంబసీ, కాన్సులేట్ గానీ ఇచ్చేది. మీరు ఇక్కడే పాస్‌పోర్ట్ సేవా ఎంబసీ పోర్టల్‌లో ఫారం నింపి, ప్రింట్ తీసి బీఎల్ఎస్ (కాన్సులేట్ తరఫున అప్లికేషన్లు తీసుకునే కంపెనీ) ద్వారా టొరంటో కాన్సులేట్‌కి ఇవ్వండి. ఏ దేశం కోసం అన్నచోట కెనడా అని ఉండాలి, అది మరిచిపోవద్దు.

మీ పాస్‌పోర్ట్ తాలూకు పాత పోలీస్ వెరిఫికేషన్ రికార్డు క్లియర్‌గా ఉంటే త్వరగానే వస్తుంది. లేకపోతే ఇండియాకి పంపుతారు, మీ అడ్రస్‌కి పోలీసులు వస్తారు. మాకు అదే జరిగింది. పాస్‌పోర్ట్‌లో ఉన్నది మిర్యాలగూడ పాత ఇల్లు, మా అమ్మానాన్న నల్గొండకి మారిపోయారు, కానిస్టేబుల్ వచ్చి తాళం చూసి వెళ్లిపోయాడు. పక్కింటి ఆవిడ ఫోన్ చేసి చెప్పింది కాబట్టి మర్నాడు నాన్న స్టేషన్‌కి వెళ్లి మాట్లాడారు, లేకపోతే అక్కడే ఆగిపోయేది. ఇప్పుడే ఇంటికి ఫోన్ చేసి, ఎవరైనా వస్తే మీ పాస్‌పోర్ట్ కాపీ, ఆధార్ కాపీ చూపించమని చెప్పి ఉంచండి.

స్పీడింగ్ టికెట్ గురించి భయపడకండి. ఎఫ్‌బీఐ రిపోర్టులో వచ్చేవి ప్రధానంగా అరెస్టు చేసి వేలిముద్రలు తీసుకున్న కేసులు, మామూలు టికెట్ అందులో ఉండదు. కానీ ఫారంలో అరెస్టు, కేసు, శిక్ష గురించి ప్రశ్నలు ఉంటాయి, ఏ చిన్న విషయం మీద అనుమానం ఉన్నా దాచకుండా లెటర్ ఆఫ్ ఎక్స్‌ప్లనేషన్‌లో రాసేయండి. అబద్ధం చెప్పారని తేలితే మిస్‌రెప్రజెంటేషన్ కింద ఐదేళ్లు తలుపులు మూసేస్తారు, టికెట్ కన్నా అది వెయ్యి రెట్లు పెద్ద విషయం.

లెస్టర్_పద్మ:

మీ ఆవిడది నేను చెప్తాను, నేను బ్రిటన్‌లో ఆరేళ్లు ఉండి ఇక్కడికి వచ్చాను. అక్కడ ఆక్రో అనే ఆఫీసు పోలీస్ సర్టిఫికెట్ ఇస్తుంది, అంతా ఆన్‌లైన్ అప్లికేషనే. పాస్‌పోర్ట్ కాపీ, ఫొటో, ఇప్పటి అడ్రస్ ప్రూఫ్, అక్కడ ఉన్నప్పటి ఇళ్ల అడ్రసులు అడుగుతారు. స్టూడెంట్‌గా ఉన్నప్పుడు మనం మూడు నాలుగు ఇళ్లు మారతాం కదా, పాత బ్యాంక్ స్టేట్‌మెంట్లు, యూనివర్సిటీ మెయిల్స్ వెతికి పోస్ట్‌కోడ్‌లతో సహా ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకోమనండి, అప్లికేషన్ మధ్యలో గుర్తుచేసుకుంటూ కూర్చుంటే తప్పులు పడతాయి.

పెళ్లయ్యాక పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు మారిందా? మారితే పాత పేరు కూడా తప్పకుండా రాయాలి, అక్కడ చదివింది ఆ పేరు మీదే కదా. నేను మొదట కొత్త పేరే రాశాను, వాళ్లు మెయిల్ పెట్టి అడిగారు, నాకు పది రోజులు అదనంగా పట్టింది. ఏ కేసూ లేకపోతే సర్టిఫికెట్ మీద నో ట్రేస్ అని వస్తుంది. నో లైవ్ ట్రేస్ అని వస్తే అది వేరు, పాత రికార్డు ఏదో ఉంది కానీ ఇప్పుడు చూపించట్లేదని అర్థం, అలా వస్తే దానికి వివరణ పెట్టాలి.

బెజవాడ_బ్రాంప్టన్:

లక్ష్మి గారూ, ఆ తేదీ విషయం మీరు చెప్పకపోతే నేను పాతదే పెట్టేసేవాణ్ణి, చాలా థాంక్స్. పద్మ గారూ, ఇంటిపేరు మారింది, మా ఆవిడ ఈ సాయంత్రమే రెండు పేర్లతో అప్లై చేసింది. శ్రీ అన్నా, శనివారం వేలిముద్రలకి అపాయింట్‌మెంట్ దొరికింది, మూడు కార్డులు తీయిస్తాను. ఒకటే భయం, ఇండియాది 60 రోజుల్లోపు రాకపోతే?

నల్గొండ_లక్ష్మి:

అప్లై చేసిన రసీదు, ఫీజు కట్టిన కాగితం, కాన్సులేట్‌తో నడిచిన మెయిల్స్ అన్నీ దాచండి. రాకపోతే ఆ చోట ఇవన్నీ, ఏ తేదీన ఏం చేశామో రాసిన లెటర్‌తో కలిపి ఒక్క పీడీఎఫ్‌గా అప్‌లోడ్ చేయాలి. అయితే దాన్ని ఒప్పుకోవడం ఆఫీసర్ ఇష్టం. ఐటీఏ వచ్చిన వారంలోనే అప్లై చేశారని రసీదులో కనబడితే మీ మాటకి బలం ఉంటుంది, యాభయ్యో రోజున అప్లై చేసినవాళ్ల లెటర్ ఎవరూ నమ్మరు. అందుకే బీఎల్ఎస్ పని సోమవారం దాటనివ్వకండి. వచ్చాక వెనకవైపు కూడా కలిపి కలర్ స్కాన్ తీయండి.

బెజవాడ_బ్రాంప్టన్:

అప్‌డేట్ ఇస్తున్నాను, తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తుందని. ఈ రోజు 41వ రోజు. ఎఫ్‌బీఐది కార్డులు చేరిన వారంలోనే వచ్చింది, అరెస్టు రికార్డు ఏమీ లేదని ఉంది, టికెట్ ఊసే లేదు. ఆక్రోది నో ట్రేస్ అని వచ్చింది. మా ఆవిడ పీసీసీ మొన్న చేతికొచ్చింది. నాది ఇంకా రాలేదు, నిన్ననే విజయవాడ పటమటలోని మా ఇంటికి కానిస్టేబుల్ వచ్చి నాన్నగారి సంతకం తీసుకుని వెళ్లారట. లెటర్ మాత్రం రాసి సిద్ధంగా ఉంచాను.