బిడ్డను పోగొట్టుకున్న తరువాత దేవుడి ముందు ఎలా నిలబడాలి?

ప్రశ్న

ఇంటర్ చదువుతున్న మా అబ్బాయి నిరుడు జ్వరంతో ఆసుపత్రిలో చేరి మళ్లీ ఇంటికి రాలేదు. ఆచారం ప్రకారం ఏడాదిపాటు మేము పండుగలు చేయలేదు, కొండ మీది గుళ్లకు వెళ్లలేదు. ఏడాది నిండింది కనుక సత్యనారాయణ వ్రతం చేయించి, ఎప్పటిలాగే పూజలు మొదలుపెట్టాలని ఇంట్లో పెద్దలు అంటున్నారు. దేవుడు లేడని నేను అనుకోవడం లేదు. కానీ దీపం వెలిగించి చేతులు జోడించగానే, వాడు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ నేను మొక్కిన మొక్కులన్నీ గుర్తుకు వచ్చి, స్తోత్రం సగంలోనే ఆగిపోతుంది.

ఈ మధ్య ఒక హరికథలో రామదాసు కథ విన్నాను. నవమి సంతర్పణ వేళ ఆయన పసివాడు మరిగే గంజిలో పడి చనిపోతే రాముడు బ్రతికించాడని హరిదాసు గారు చెప్పగా అందరూ పరవశించిపోయారు. నేను మాత్రం కూర్చోలేక బయటికి వచ్చేశాను. ఆయన బిడ్డను తిరిగి ఇచ్చిన రాముడు నా బిడ్డను ఎందుకు ఇవ్వలేదు? ఏ జన్మలో చేసుకున్న పాపమో అని బంధువులు అంటుంటే మరింత కుమిలిపోతున్నాను. ఇంతటి నష్టం తరువాత కూడా భక్తిని నిలుపుకున్నవారు ఉంటే, అది ఎలా సాధ్యమైందో దయచేసి చెప్పండి.

మొదటి సమాధానం

అమ్మా, ఎందుకు ఇవ్వలేదన్న మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పేవారి మాటను మీరు మనసుకు తీసుకోవద్దని మాత్రం వేడుకుంటున్నాను. అయితే రామదాసును ఆ ఒక్క కథతోనే విడిచిపెట్టకండి. నేలకొండపల్లిలో పుట్టిన ఈ కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉండి, వసూలైన పన్నుల సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, 1672 నుంచి 1687 వరకు గోల్కొండను ఏలిన తానీషా హయాంలో ఖైదు పాలయ్యాడు. పన్నెండేళ్లు ఆ చెరలో మగ్గాడని ప్రతీతి. అన్నేళ్లూ పిలిచినా పలకని దేవుడితో ఆయన ఏం మాట్లాడాడో 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తనలో ఉంది.

ఆ కీర్తన నిండా లెక్కలే. ప్రాకారానికి ఎంత పట్టింది, సీతమ్మ చింతాకు పతకానికి ఎంత పట్టింది అని వరుసగా ఏకరువు పెట్టి, ఆ నగలు పెట్టుకుని ఎవరబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావు, నీ తండ్రి దశరథుడు పెట్టాడా, మీ మామ జనకుడు పంపాడా అని రాముణ్ణి నిలదీస్తాడు. ఆ తరువాత, తిట్టానని ఆయాసపడవద్దు, ఈ దెబ్బలకు ఓర్వలేక తిట్టాను అంటాడు. చూడండి, తిట్టిన మాటను ఆయన వెనక్కి తీసుకోలేదు, దానికి కారణం మాత్రమే చెప్పుకున్నాడు. మన పెద్దలు దీన్ని దైవదూషణ అని దాచిపెట్టలేదు. మూడు వందల ఏళ్లకు పైగా గుళ్లలో, భజనల్లో పాడుతూనే ఉన్నారు. పోతన గజేంద్రుడు కూడా మొసలి పట్టులో బలమంతా ఉడిగిపోయాక 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అని సందేహపడ్డాడు. 'నీవే తప్ప' అని శరణు వేడే పద్యం ఆ సందేహం తరువాతనే వస్తుంది.

కాబట్టి స్తోత్రం ఎక్కడ ఆగిపోతుందో అక్కడే మీ మొక్కుల లెక్క పైకి చెప్పండి. ఏ దేవుడికి ఏమి మొక్కారో, ఏ రాత్రి మొక్కారో, అన్నీ అడగండి. దేవుడి మీద అలిగిన మనిషికి దేవుడితో బంధం తెగిపోలేదనే నేను నమ్ముతాను.

రెండో సమాధానం

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టినదాన్ని. మా తమ్ముడు పోయినప్పుడు నాకు ఆసరాగా నిలిచింది బైబిల్లోని యోబు గ్రంథం. ఏడుగురు కొడుకులను, ముగ్గురు కూతుళ్లను ఒకే రోజు పోగొట్టుకున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు వచ్చి, ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. వారు చేసిన మేలు అంతవరకే. నోరు తెరిచి, నీవు పాపం చేసి ఉంటావని వాదించడంతో అదంతా చెడింది. దేవుణ్ణి అంతగా నిలదీసిన యోబు దేవుడైన తన గురించి యుక్తమైనది పలికాడని, ఆ స్నేహితులు పలకలేదని చివరికి దేవుడే అన్నాడు. మీ బంధువులకు ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

ఇంకొక మాట. చివర యోబుకు మళ్లీ పదిమంది పిల్లలు పుట్టారని ప్రసంగాల్లో సంతోషంగా చెబుతారు. పోయిన పదిమంది తిరిగి రాలేదు కదా అని నేను అక్కడే ఆగిపోతాను. మీరు ఆ హరికథ నుంచి లేచి రావడంలో తప్పేమీ లేదు, అక్కా.

మూడో సమాధానం

కర్మ అన్న మాటను పూర్తిగా తోసిపుచ్చవద్దని నా మనవి. నా భార్య పోయాక, ఒక రోజు ముందే పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్లి ఉంటే అన్న ఆలోచన నన్ను తినేస్తున్నప్పుడు, అంతా నా చేతిలో లేదని ఆ మాటే నాకు నచ్చజెప్పింది. అయితే అది ఎవరికి వారు చెప్పుకోవలసిన మాట. బిడ్డను పోగొట్టుకున్న తల్లితో మరొకరు అంటే అది నింద అవుతుంది. అలా అన్నవారితో మీ వారి చేతనే గట్టిగా చెప్పించండి.

వ్రతం విషయానికి వస్తే, భక్తిశ్రద్ధలతో ఏ రోజైనా చేయవచ్చని ఆ వ్రత కథలోనే ఉంది కనుక, ఏడాది నిండగానే చేసి తీరాలన్న తొందర అక్కరలేదు. పైగా మొక్కు తీర్చకుండా వాయిదా వేసిన వర్తకుడు కష్టాల పాలైన అధ్యాయాన్ని పీట మీద కూర్చుని వినడం ఇప్పుడు మీకు చాలా భారమవుతుంది. ఇంట్లో పెద్దలకు ఈ మాట నెమ్మదిగా చెప్పి, కొన్నాళ్లు దీపం మీ అత్తగారినో, మీ వారినో పెట్టమనండి.