చరిత్ర, ఎకనామిక్స్ కలిపి చదవొచ్చా?

ప్రశ్న: డిగ్రీలో ఈ రెండూ జాయింట్‌గా తీసుకోవాలనుంది. చరిత్రంటే ప్రాణం, లెక్కలు ఓ మాదిరి. రెండు పడవల మీద కాళ్లు పెడుతున్నానని ఇంట్లో టెన్షన్. చదివినవాళ్లు చెప్పండి.

జవాబు 1: నేను చదివాను. కాలిక్యులస్, స్టాటిస్టిక్స్ తప్పవు, మొదటి ఏడాదే గట్టిగా పట్టుకోండి. ఒక్కోసారి పెద్ద వ్యాసం, ప్రాబ్లమ్ సెట్ ఒకే రోజు ఇవ్వాల్సి వస్తుంది. అయినా మళ్లీ అదే ఎంచుకుంటాను. 1930లో అమెరికా దిగుమతి సుంకాలు పెంచింది కదా, ఎకనామిక్స్ క్లాసులో అదొక గ్రాఫ్: ధర పెరిగింది, దిగుమతి తగ్గింది. ఆ చట్టం కోసం ఎవరు పట్టుబట్టారు, కెనడా ఎందుకు ఎదురు సుంకాలు వేసింది అన్నది చరిత్ర క్లాసులోనే తెలిసింది. నాకు ఆ రోజు నిద్ర పట్టలేదంటే నమ్మండి!

ప్రశ్నించినవారు: థాంక్సండీ. మరి పీజీకి?

జవాబు 2: ఎకనామిక్స్ వైపు వెళ్తే ఎకనోమెట్రిక్స్ (ఆర్థిక డేటాను స్టాటిస్టిక్స్‌తో పరీక్షించే సబ్జెక్టు) వదలొద్దు. 2023లో ఎకనామిక్స్ నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ ఆర్థిక చరిత్రకారిణే. అమెరికాలో 200 ఏళ్ల పాత రికార్డులు తవ్వి ఆడవాళ్ల ఉద్యోగాల తీరు తేల్చారు. సిలబస్‌లో ఆర్థిక చరిత్ర పేపరుందో లేదో ముందు చూడండి. లేకపోతే రెండు సబ్జెక్టులూ ఎవరి దారి వాళ్లదే.