రాయగడ నుంచి ఎం.ఎస్సీ స్పీచ్: మైసూరా, హైదరాబాదా, భువనేశ్వరా?

వంశధార:
ఒడిశాలో మన రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు బీఏఎస్‌ఎల్‌పీ (మాట, వినికిడి చికిత్సల డిగ్రీ) చదివి ఇంటర్న్‌షిప్ చివర్లో ఉన్న పిల్లలు కొందరు అడుగుతున్న ప్రశ్న. స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీలో (మాట, భాష, మింగుడు సమస్యల చికిత్స) ఎం.ఎస్సీ రెండేళ్లు. కేంద్ర సంస్థలంటే మైసూరు ఐష్ (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ), ముంబై అలీ యావర్ జంగ్ సంస్థ ఉన్నాయి. హైదరాబాద్, భువనేశ్వర్‌లలో కాలేజీలూ ఉన్నాయి. తిరిగొచ్చి మన జిల్లాల్లోనే పని చేద్దామనుకునేవాళ్లకి ఏది మేలు? తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి:
సీటొస్తే మైసూరే. ఇందులో ఆలోచించడానికి ఏమీ లేదు. ప్రవేశ పరీక్షకి బీఏఎస్‌ఎల్‌పీ సిలబస్ మొత్తం చదవాలి. స్పీచ్‌కే కదా వెళ్తున్నాం అని ఆడియాలజీ (వినికిడి శాస్త్రం) పక్కన పడేసినవాళ్లు అక్కడే దెబ్బతింటారు. మాస్కింగ్, ఇమిటెన్స్, ఏబీఆర్ తరంగాలు లాంటి వినికిడి పరీక్షల సంగతులు, మాట ధ్వనిలోని ఫార్మెంట్లు అన్నీ చేతికి రావాలి. ఇక చేరాక నత్తి, గొంతు, గ్రహణమొర్రి, పక్షవాతం తరువాత మాట పోయినవాళ్లు, మింగుడు సమస్యలు, అన్ని రకాల కేసులూ ఒకే ప్రాంగణంలో చూడొచ్చు. చిన్న కాలేజీలో రెండేళ్లూ మాటలు ఆలస్యమైన పిల్లలు తప్ప ఇంకో కేసు కనబడని సందర్భాలున్నాయి. అలాంటి చోట చదివి జిల్లా ఆసుపత్రిలో కూర్చుంటే మొదటి పక్షవాతం రోగి దగ్గరే చేతులెత్తేస్తారు.

జయపురం చంటి:
కేసులెన్ని అని కాదు నాగావళి గారూ, ఏ భాషలో అని అడగండి. మైసూరు క్లినిక్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది కన్నడం వాళ్లే. కన్నడం రాని విద్యార్థి కేసు హిస్టరీ రాసుకోవాలన్నా పక్కవాళ్ల నోటి మీద ఆధారపడాలి. భాష థెరపీలో అసలు పనేంటి? పిల్లాడు "కుక్క పోయింది" అన్నాడనుకోండి. "అవును, నల్ల కుక్క బయటికి పోయింది" అని ఆ క్షణంలోనే వాక్యం పెంచి వాడికి అందించాలి. అర నిమిషం ఆలస్యమైతే వాడు ఇంకో బొమ్మ వైపు తిరిగిపోతాడు. ఇది కొత్తగా నేర్చుకున్న నాలుగు ముక్కల భాషలో అయ్యే పని కాదు. నా మాట హైదరాబాద్.

తెల్లకోటు:
ఎక్కడికెళ్లినా ముందు ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) అనుమతి జాబితా చూడండి. కాలేజీ పేరుంటే సరిపోదు. ఆ కోర్సుకి, మీరు చేరే సంవత్సరానికి అనుమతి ఉందా, ఎన్ని సీట్లకి ఉంది, ఈ మూడూ చూడాలి. అనుమతి లేని సంవత్సరంలో చేరితే తరువాత రిజిస్ట్రేషన్ దగ్గర ఆగిపోతారు. 1992 ఆర్‌సీఐ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా పని చేయకూడదు.

నాగావళి:
చంటి గారూ, మీరు భాష థెరపీ ఒక్కటే పట్టుకున్నారు. మింగుడుకి భాషేమిటి? పక్షవాతం వచ్చిన మనిషికి మన ఊళ్లో ఇంటివాళ్లు పట్టేది గంజి. చిక్కగా ఉంది కదా, పొలమారదు అనుకుంటారు. 10 మి.లీ. సిరంజిలో ప్లంజర్ తీసేసి, కింద వేలు పెట్టి, గంజి 10 దాకా పోసి, వేలు తీసి 10 సెకన్లు ఆగి మళ్లీ మూయాలి. మిగిలింది 1 మి.లీ. లోపైతే అది నీళ్లతో సమానం. 1 నుంచి 4 మిగిలితే చిక్కదనం కొలిచే ఇడ్సీ అంతర్జాతీయ పట్టికలో మొదటి స్థాయి, 4 నుంచి 8 అయితే రెండోది, 8 దాటి మిగిలి, ఎంతో కొంత కారితే మూడోది. అన్ని సిరంజిలూ ఒకటి కావు. సున్నా గీత నుంచి 10 గీత దాకా 61.5 మి.మీ. ఉన్నదే వాడాలి. తాగించే వేడి మీదే కొలవాలి, చల్లారితే గంజి గట్టిపడి లెక్క తప్పుతుంది. ఇంకో చిక్కుంది. గంజిలో ఉన్నది పిండిపదార్థం. నోట్లో లాలాజలం తగలగానే అది విరిగి పలచబడుతుంది. గిన్నెలో రెండో స్థాయి ఉన్నది నోట్లో కాసేపు నిలిచేసరికి ఇంకా పలచనైపోవచ్చు. శాంథాన్ గమ్ వేసి చిక్కబరిస్తే అలా విరగదు. ఇది తెలియకే మనవాళ్లకి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా వస్తోంది. వీడియోఫ్లూరోస్కోపీలో (మింగేటప్పుడు తీసే ఎక్స్‌రే వీడియో) కళ్లతో చూసి నేర్చుకునే చోటికి పంపాలంటే తప్పా?

వంశధార:
నాగావళి గారూ, రాగి అంబలికీ ఇదే లెక్కా?

నాగావళి:
అదే లెక్క, ముందు ఉండలు లేకుండా వడకట్టాలి. ఒక ఉండ సిరంజి మూతికి అడ్డం పడితే మొత్తం ఫలితం తప్పు.

పర్లాకిమిడి22:
మీరిద్దరూ సీటొచ్చాక సంగతి మాట్లాడుతున్నారు. మన పిల్లలకి సీటు పోయేది కాగితాల దగ్గర. ఒడిశాలో ఇచ్చే ఎస్ఈబీసీ (రాష్ట్ర వెనకబడిన తరగతుల) సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో చెల్లదు. కేంద్ర ఓబీసీ జాబితాలో కులం ఉందో లేదో చూసుకుని, కేంద్రం నమూనాలో నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ తహసీల్దారు దగ్గర విడిగా తీసుకోవాలి. ఇక చంటి అన్నా, హైదరాబాద్ అంటున్నావు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల నాటి నుంచి అక్కడ 85 శాతం సీట్లు స్థానికులవి. ఇంట్లో తెలుగు మాట్లాడినా, తెలుగులో రాసినా రాయగడ పిల్ల అక్కడ స్థానికేతరే. భువనేశ్వర్ వెళ్తే ఒడియా యాస చూసి "మీరు ఆంధ్రావాళ్లు కదా" అంటారు. ఎన్నాళ్లిలా రెండు వైపులా గుమ్మం దగ్గరే నిలబడాలి మనం?

రుషికుల్య:
అమెరికా మాస్టర్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆషా (అక్కడి స్పీచ్, ఆడియాలజీ వాళ్ల సంఘం) సర్టిఫికెట్‌కి 400 గంటల క్లినికల్ పని కావాలి. అందులో 25 చూడ్డం, 375 చేయడం. ప్రాక్సిస్ అనే పరీక్షలో 162 రావాలి. ఆ పైన కనీసం 36 వారాలు, 1260 గంటల ఫెలోషిప్. లైసెన్సు మళ్లీ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం ఇస్తుంది.

జయపురం చంటి:
రుషికుల్య గారూ, ప్రశ్న మన జిల్లాల్లో పని గురించి.
నాగావళి గారూ, గంజి సంగతి ఒప్పుకుంటాను, బాగా చెప్పారు. కానీ మన దగ్గర రోజూ వచ్చే కేసు ఏంటి? ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కొన్ని ఇళ్లలో అమ్మమ్మతో సవర. అయిదేళ్ల పిల్లని తీసుకొస్తారు. తెలుగు పరీక్ష పెడతారు. "చీర" బదులు "చిర", "పూలు" బదులు "పులు" అంటుంది. దీర్ఘాలు తప్పు అని రాసేస్తారు. ఒడియా పలుకులో ఇ, ఉల హ్రస్వ దీర్ఘాల తేడాతో అర్థం మారదు, ఆ అలవాటు వచ్చింది అంతే. "అన్న వచ్చింది" అంటే లింగం తప్పు అని ఇంకో సున్నా. ఒడియా క్రియకి లింగమే లేదు. "మనం" అనాల్సిన చోట "మేము" అంటుంది, ఎందుకంటే ఒడియా వాడుకలో రెంటికీ "ఆమే" అనేస్తారు. "ష" పలకాల్సిన చోట "స" పలుకుతుంది. ఇన్ని సున్నాలు కలిపి భాషా లోపం అని చీటీ చేతిలో పెడతారు. నిజంగా లోపం ఉంటే అది రెండు భాషల్లోనూ కనబడాలి. ఒడియాలో కథ గడగడా చెప్పే పిల్లకి ఆ చీటీ ఇవ్వడం అన్యాయం. దాన్ని పట్టుకుని బడివాళ్లు వెనక బెంచీలో కూర్చోబెడతారు.

నాగావళి:
అయితే హైదరాబాద్‌లో చదివినవాళ్లకి మాత్రం ఇదెలా తెలుస్తుంది? అక్కడి క్లినిక్‌లో ఒడియా పిల్లలున్నారా? మీరు చెప్పిందంతా మీ హైదరాబాద్ మాటని మీరే కొట్టేసుకోవడం. ఈ తేడాలు పట్టుకోవాలంటే ద్విభాషా పిల్లల పరిశోధన తెలిసిన గైడు కావాలి. అది పెద్ద సంస్థలోనే దొరుకుతుంది.

జయపురం చంటి:
పెద్ద సంస్థలో దొరికే ఇంకోటి కూడా చెప్పండి. ఆ డిగ్రీతో బెంగళూరులోనో గల్ఫ్‌లోనో ఉద్యోగం. మీరు పంపమంటున్న పిల్లలు తిరిగి రారు. ఆ సంగతి మీకూ తెలుసు, అయినా ఇక్కడ రాయడం లేదు.

నాగావళి:
రారు. ఎందుకొస్తారు? జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్‌లో (ఎదుగుదల సమస్యలున్న పిల్లల కేంద్రం) మనకి ఉండేది ఒక్క పోస్టు, అదీ కాంట్రాక్టు. రెన్యూవల్ ఆలస్యమైతే జీతం ఆగుతుంది. గది ఉంటే సౌండ్‌ప్రూఫింగ్ ఉండదు, ఆడియోమీటర్ ఉంటే క్యాలిబ్రేషన్ ఉండదు. ఆ పోస్టు కోసం ఒక ఆడపిల్ల చదువుని తగ్గించి, "నువ్వు దగ్గర్లోనే చదువు, ఇక్కడే ఉండు" అని చెప్పే హక్కు మనకి లేదు చంటీ. నా కోపం దాని మీద.

జయపురం చంటి:
చదువు తగ్గించమని నేనెక్కడన్నాను? ఎవరూ రాకపోతే ఆ ఒక్క పోస్టు ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉందని చూపించి తీసేస్తారు. ఆ తరువాత రాయగడ నుంచి విశాఖకి రైల్లో పోయి వారానికొక సెషన్ చేయించుకునే స్తోమత ఎంతమందికుంది? వినికిడి పరికరం పెట్టించి థెరపీ లేక మూల పడేసిన ఇళ్లు లెక్కపెట్టండి. నా కోపం దీని మీద.

తెల్లకోటు:
ఇద్దరూ కాస్త ఆగండి. రెండో ఏడు డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) ఉంటుంది కదా. రాయగడ పిల్లల తెలుగు–ఒడియా మీద అదే చేయొచ్చు. మైసూరైనా, ఎక్కడైనా. సాధారణంగా మాట్లాడే పిల్లల నుంచి వయసుల వారీగా రెండు భాషల్లోనూ ఒకే బొమ్మల కథ రికార్డు చేయాలి. ఇంట్లో ఏ భాష ఎన్ని గంటలో తల్లిదండ్రుల దగ్గర రాయించుకోవాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సంతకం ముందే ఉండాలి. బడికి సెలవులిచ్చే నెలల్లో పెట్టుకుంటే పిల్లలు దొరకరు, జాగ్రత్త.

నాగావళి:
ఒడియా ట్రాన్స్‌క్రిప్షన్ సరిచూసే గైడు మైసూరులో దొరక్కపోతే?

జయపురం చంటి:
భువనేశ్వర్ నుంచి కో-గైడుని పెట్టుకోవచ్చా అని దరఖాస్తుకి ముందే విభాగానికి రాసి అడగాలి. చేరాక అడిగితే అప్పటికే టాపిక్కులు పంచేస్తారు. అది కుదిరేటట్టయితే మైసూరుకి నా అభ్యంతరం లేదు. పిల్లలు తిరిగి రారన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నాగావళి:
తీసుకోవద్దు. పోస్టు పర్మనెంట్ చేయమని కలెక్టర్‌కి అర్జీ రాయి, సంతకం నేనూ పెడతాను.

పర్లాకిమిడి22:
అర్జీ ఒడియాలో రాయండి, త్వరగా కదులుతుంది. వంశధార గారూ, ఆ పిల్లలకి ఒకటి చెప్పండి. నాన్ క్రీమీ లేయర్ సర్టిఫికెట్ ఏ తేదీ తరువాతది కావాలో నోటిఫికేషన్‌లో ఉంటుంది. పాతది జత చేస్తే జనరల్ కింద మార్చేస్తారు. ఇంటర్న్‌షిప్ పూర్తయిన కాగితం, లాగ్‌బుక్‌లో ప్రతి పేజీ కింద సూపర్‌వైజర్ ఆర్‌సీఐ నంబరు, వేరే యూనివర్సిటీకి వెళ్తుంటే మైగ్రేషన్ సర్టిఫికెట్, ఇవి ఇప్పుడే సిద్ధం చేసుకోమనండి.