‘రవిబింబంబుపమింప’ పద్యం: ‘పాత్రమగు’లో ‘అగు’ క్రియా, విశేషణమా?

నల్లగొండ, ఫిజిక్స్ టీచర్: పోతన వామనావతారంలో ‘రవిబింబం... ఛత్రమై, శిరోరత్నమై’ అని వస్తుంది కదా, మధ్య మాటలు ఎంతకీ గుర్తు రావడం లేదు. పిల్లలకు కాస్మిక్ కిరణాల (అంతరిక్షం నుంచి వచ్చే శక్తిమంతమైన కణాల) పాఠంలో చెప్పాలని ఉంది. సూర్యుడి మీద మచ్చలు బాగా పెరిగిన ఏళ్లలో ఆ కిరణాలు భూమికి తక్కువ చేరుతాయి. సౌరగాలితో, అంటే సూర్యుడి నుంచి వీచే కణాల ప్రవాహంతో, వచ్చే అయస్కాంత క్షేత్రం వాటిని చెదరగొడుతుంది. సూర్యుడే మనకు గొడుగు!

మహబూబ్‌నగర్, తెలుగు పండితుడు: ‘రవిబింబంబుపమింప బాత్రమగు ఛత్రంబై’. ‘ఛత్రమై’ కుదరదు సార్, అక్కడ మగణం (మూడూ గురువులే) పడాలి. ‘గొడుగై’ అని చదివేవాళ్లూ ఉన్నారు, యతి పోతుంది. పాదం మొదటి ‘ర’కు యతిస్థానంలో ‘త్రం’లోని రేఫే (ర) జోడీ.

సూర్యాపేట: గణాలు సరే పంతులుగారూ, నా పేచీ ‘పాత్రమగు’ దగ్గర. అది ‘అగున్’, క్రియ. సూర్యబింబం పోల్చడానికి తగినదవుతుంది, ఛత్రమై, శిరోరత్నమై, చివరికి పదపీఠమై. అంటే అన్నీ పోలికలే.

మహబూబ్‌నగర్: కాదమ్మా, ఛత్రానికి ఆనుకున్న విశేషణం, ‘తగిన గొడుగు’ అని. చెవికి అలాగే వినిపిస్తుంది.

సూర్యాపేట: చెవి ఎలా తేలుస్తుంది? తర్వాత ‘చ’ ఉంటే సరళమై (‘జ’గా మారి) ద్రుతం, అంటే ‘అగున్’ చివరి ‘న్’, జాడ దొరికేది. ‘ఛ’ స్థిరం (అలా మారని అక్షరం), జాడ మిగల్చదు.

దేవరకొండ: ఛత్రం, ఛాయ ఒకే ధాతువు అనుకుంటాను. పానగల్ ఛాయా సోమేశ్వరుడి గుడిలో పగలంతా లింగం వెనక కదలని నీడ చూసినప్పుడల్లా ఈ పద్యమే గుర్తొస్తుంది.

మహబూబ్‌నగర్: ఛత్రం ‘ఛద్’ నుంచి, కప్పడం. ఛాయకు ‘ఛో’ చెప్తారు. పానగల్ మాట మాత్రం బాగుంది అన్నా.

నల్లగొండ: పాఠం సంగతికొస్తే, ఈ గొడుగు సుమారు 11 ఏళ్లకోసారి విచ్చుకొని ముడుచుకుంటుంది. మచ్చలు తగ్గినప్పుడు కిరణాలు పెరుగుతాయి. సూర్యుడి నుంచి పెద్ద ప్లాస్మా మేఘం మన వైపు దూసుకొస్తే గంటల్లోనే కిరణాలు పడిపోయి, మళ్లీ కోలుకోవడానికి రోజులు పడుతుంది. 1937లో ఫోర్‌బుష్ అనే శాస్త్రవేత్త గమనించాడు, ఆయన పేరే పెట్టారు. ఊటీలో గ్రేప్స్-3 అనే ప్రయోగశాల ఇలాంటి మార్పులనే, ఆ కిరణాల వల్ల వాతావరణంలో పుట్టే మ్యూయాన్ కణాల ద్వారా కొలుస్తుంది.

సూర్యాపేట: అయితే గొడుగు బింబం కాదు కదా సార్, గాలి! పోతనది కంటికి కనిపించే బింబం. వటుడు (వామనుడు) పెరిగేకొద్దీ అది నెత్తి మీంచి పాదాల కిందికి దిగుతుంది.

నల్లగొండ: నిజమే మేడమ్. గాలి వ్యాపించిన మేర చాలా పెద్దది. వాయేజర్-1 వ్యోమనౌక 2012 ఆగస్టులో దాని అంచు దాటింది. సూర్యుడి నుంచి వచ్చే కణాలు ఒక్కసారిగా తగ్గాయి, కాస్మిక్ కిరణాలు పెరిగాయి.

దేవరకొండ: ‘బ్రహ్మాండమున్ నిండుచోన్’ అని పద్యం ముగింపు. ఆ నిండడం నాకు ‘ఇంతింతై’ పద్యం కన్నా ఇక్కడే బాగా కనిపిస్తుంది.

మహబూబ్‌నగర్: ‘ఇంతింతై’ని తక్కువ చేయకండి అన్నా, అక్కడ ఒక్కో మెట్టూ లెక్కపెట్టి ఎక్కించాడు. అమ్మా, ‘అగున్’ క్రియ అయితే ‘నిండుచోన్’ దేనితో అన్వయిస్తారు?

సూర్యాపేట: దానితోనే పంతులుగారూ. వటుడు నిండేటప్పుడు రవిబింబం పోల్చడానికి పాత్రమగున్. మీ విశేషణం తీసుకుంటే వాక్యానికి క్రియ ఎక్కడుంది?