ఫ్రీమాంట్‌లో భూకంపం: చంటిబిడ్డ, అత్తగారితో ఏం చేయాలి?

అక్కలూ అన్నలూ, కాలిఫోర్నియాలోని ఈ ఊరికి కొత్తగా వచ్చాం, మూడో అంతస్తు అపార్ట్‌మెంట్. నిన్న రాత్రి ఇల్లు గట్టిగా కుదిపేసరికి బాబుని ఎత్తుకుని, అత్తగారి చెయ్యి పట్టుకుని మెట్ల వైపు పరిగెత్తాం. ఒకటే టెన్షన్‌గా ఉంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు.

— చెల్లీ, ముందు ఆ పరుగు మానేయండి. 2024 డిసెంబరులో ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు హైదరాబాద్‌లో కూడా జనం అలాగే బయటికి వచ్చేశారు. 1993లో లాతూరు దగ్గర రాతి గోడలు, బరువైన మట్టి కప్పులు మీద పడి వేలమంది పోయారు, ఆ భయం ఊరికే రాలేదు. కానీ ఇక్కడ ఇళ్ళు చాలావరకు చెక్క ఫ్రేమువి, ఊగుతాయి గానీ అంత తేలిగ్గా కూలవు. దెబ్బలు తగిలేది పరిగెడుతూ పడినా, టీవీలూ అలమరలూ మీద పడినా.

కుదుపు మొదలవగానే మోకాళ్ళూ చేతుల మీదకి దిగిపోండి, అప్పుడు పడిపోరు, పాకగలరు. గట్టి టేబుల్ కిందకి దూరి ఒక చేత్తో తల, మెడ కప్పుకుని రెండో చేత్తో టేబుల్ కాలు పట్టుకోండి, అది జరిగితే మీరూ దానితోపాటే జరగాలి. టేబుల్ లేకపోతే కిటికీలకి దూరంగా లోపలి గోడ పక్కన వంగి రెండు చేతులతో మెడ కప్పుకోండి. బాబు చేతిలో ఉంటే గుండెకి అదుముకుని వాడి మీదకి వంగిపోండి.

— గుమ్మంలో నిలబడమంటున్నారు మా పక్కింటివాళ్ళు?

— వద్దు. అది పాత మట్టి ఇటుకల ఇళ్ళనాటి మాట, ఇప్పటి గుమ్మం గోడకన్నా గట్టిదేం కాదు, పైగా తలుపు కొట్టుకుంటుంది. అత్తగారిని కింద కూర్చోమని బలవంతం చేయకండి, కుర్చీలోనే ముందుకి వంగి చేతులతో తల, మెడ కప్పుకుంటే చాలు. నిద్రలో వస్తే ఎవరూ మంచం దిగొద్దు, బోర్లా తిరిగి దిండుతో తల, మెడ కప్పుకోవాలి. 1994లో లాస్ ఏంజెలెస్ దగ్గర నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది తెల్లవారుజామున 4:31కే. చీకట్లో గాజు పెంకులు గుచ్చుకోకుండా మంచం పక్కనే బూట్లు ఉంచుకోండి.

— బాబు వేరే గదిలో ఉంటే?

— ఇది చెప్పడం నాకూ కష్టంగానే ఉంది తల్లీ, ఊగుతున్నంతసేపూ వెళ్ళకండి. దారిలో మీరే పడితే వాణ్ణి చూసేవాళ్ళుండరు. ఆగగానే వెళ్ళండి. హేవర్డ్ ఫాల్ట్ (భూకంపాలు పుట్టే భూమిలోని పగులు) మీ ఊళ్ళోంచే పోతుంది కాబట్టి ఇవాళే క్రిబ్‌ని కిటికీ దగ్గర్నుంచి జరిపి, పైన ఫొటో ఫ్రేములుంటే తీసేసి, అలమరలని గోడకి స్ట్రాపులతో బిగించండి. డ్రిల్లింగ్‌కి ఓనర్ అనుమతి కావాలంటే ఈమెయిల్‌లోనే అడగండి.